ముల్లు సాబ్ ఉత్తరం

అక్క తాండూరు నుంచి రాసిన కార్డు పోయిన శుక్రవారం వచ్చింది. బావకు మోకాళ్ల నొప్పులని, మిరపపొడి ఎవరితోనైనా పంపిస్తానని రాసి, చోటు చాలక అంచున అడ్డంగా ఇంకో ముక్క ఇరికించింది: "ముల్లు సాబ్ పోయిండు. నిద్రలనే పోయిండట. మొన్నమొన్నటిదాంక నిన్ను యాది చేస్తుండె."

కార్డు పక్కన పెట్టి, టైం ఎంతయిందో చూద్దామని గోడ గడియారం దగ్గరికి వెళ్లి, దాని అద్దం మీద గోరుతో రెండుసార్లు కొట్టాను. కొట్టాక గానీ గుర్తు రాలేదు, ఆ అలవాటు ఆయనదని.

ఏది చూడాలన్నా ముందు దాన్ని గోరుతో తట్టేవాడు ముల్లు సాబ్. విమానాల్లో మీటర్ల ముళ్లు ఒక్కోసారి అంటుకుపోయి ఆగుతాయి, తడితే కదులుతాయి. ఆ పని ఏళ్ల తరబడి చేసిన వేలు అది. తాండూరులో గడియారాలు, తరాజులు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాక కూడా ఆ వేలు ఊరుకోలేదు. చాయ్ కప్పును తట్టి తాగేవాడు. బావ ఒకసారి జ్వరంతో దుకాణం ముందు కూలబడితే ఆయన నుదుటిని కూడా తట్టి, "తేజ్ ఉన్నది, డాక్టర్ తాన్కి పో" అన్నాడు.

గడియారాలు బాగుచేసే మనిషే అయినా టైం సరిగ్గా చెప్పేవాడు కాదు. "అయిదు కావస్తున్నది" అనేవాడు. మూడు నిమిషాలు తక్కువ అని చెప్పొచ్చు కదా అంటే, "గా మూడు నిమిషాలల్ల ఏం రాజ్యం ఏలుతవ్?" అని అడిగేవాడు.

కందుల కాలం వస్తే వ్యాపారులు తరాజులు పట్టుకుని వరస కట్టేవారు. "సాబ్, ముల్లు నిలబడ్తలేదు, ఈగ వాలినా ఊగుతున్నది" అని ఒకడు. "సాబ్, మొద్దుగైంది, దోసెడు కందులు ఏసినా కదుల్తలేదు" అని ఇంకొకడు. ఇద్దరినీ ఒకే మాట అడిగేవాడు. "దీంతోని ఏం జోకుతవ్? బంగారమా, కందులా?" కందులని వాళ్లు చెప్పాకే తరాజును ముట్టుకునేవాడు. ఆ ప్రశ్నకు అర్థమేమిటో నాకు చాలా రోజులు తెలియలేదు. తెలియని సంగతులు నాకు అప్పట్లో చాలా ఉండేవి. తెలియనట్టు కనబడకుండా ఉండే విద్య మాత్రం బాగా వచ్చు.

మాది వికారాబాద్. నాయిన రైల్వేలో గూడ్సు గుమాస్తా, సరుకులకు బిల్టీలనే రసీదులు రాసేవాడు. నేను సర్కారు ఇచ్చే సాయంతో పట్నంలో ఒక ఫ్లయింగ్ క్లబ్బులో విమానం నేర్చుకుంటున్నాను. సెలవుకు వచ్చినప్పుడల్లా మా ఇంటి వైపు గేటు ముందే ఉన్నా, బండి చివరి పెట్టెలో ఎక్కి, ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకు నల్ల కళ్లద్దాలతో నడిచేవాణ్ణి. గాలి ఎటు వీస్తోందో చూస్తున్నవాడిలా తల ఆకాశంలోకి ఎత్తి నడవడం అప్పట్లో నా ప్రత్యేకత. ఒకసారి అట్లా చూస్తూ పోయి పల్లీలమ్మే ఆమె బుట్టలో కాలు పెట్టాను. ఆమె తిట్టిన తిట్లు స్టేషన్ మాస్టర్ గది దాకా వినిపించాయి. నాయిన ఆ గదిలోనే ఉన్నాడు.

క్లబ్బులో నా సంగతి ఇంకా అన్యాయం. మబ్బులో బయట ఏమీ కనిపించదు కాబట్టి, ఎదురుగా ఉన్న మీటర్లు చూసుకుంటూనే కిందికి దిగడం నేర్చుకోవాలి. అందుకని వెనక సీటులో నా చుట్టూ తెర కప్పేవారు. ముందు సీటులో మా ఇన్‌స్ట్రక్టర్ బయటికి చూస్తూ కూర్చునేవాడు. విమానం ఎటు తిరుగుతోందో, ఎంత జోరుగా తిరుగుతోందో చూపే ముల్లు ఒకటి ఉంటుంది. అది నడుమ నిలబడితే మనం తిన్నగా పోతున్నట్టు. నా ముల్లు నడుమ నిలబడిన పాపాన పోలేదు. అది ఎడమకు పోతే నేను కుడికి తోసేవాణ్ణి. కుడికి పోతే ఎడమకు లాగేవాణ్ణి. కాసేపటికి విమానం తాగినవాడి నడకలో పడేది. కిందికి దిగి తెర తీసేసరికి ఎదురుగా రన్‌వే ఉండాలి. మొదటి పరీక్షలో ఎవరిదో మామిడితోట ఉంది. రెండో పరీక్షలో బట్టలు ఆరేసిన ధోబీ ఘాట్ ఉంది.

"బట్టలేమైనా వేసి వద్దామనుకున్నావా?" అన్నాడు ఇన్‌స్ట్రక్టర్ కిందికి దిగాక. ఎడమకాలు ఈడ్చి నడిచే మనిషి, మాటలు మాత్రం చకచకా నడిచేవి. "ఇంకొక్కసారి చూస్తాను. అప్పుడూ ఇంతే అయితే ఇంటికి పోయి మీ నాన్న పక్కన కూర్చుని బిల్టీలు రాసుకో."

వికారాబాద్‌లో మొహం చూపించలేక తాండూరులో అక్క ఇంటికి పోయాను. బావ బండల డిపోలో లెక్కలు రాసేవాడు. ఆయన ముందు నా పరువు ఇంకా మిగిలే ఉంది. దాన్ని పెంచుకుందామని, మూడు చిన్న ముళ్లూ రెండు పెద్ద ముళ్లూ ఉన్న నా చేతిగడియారం నీళ్లలో కూడా నడుస్తుందని చెప్పి, కాగ్నా నదిలో ముంచి చూపించాను. అది నడవలేదు.

"ముల్లు సాబ్ తాన్కి పో తమ్మీ" అంది అక్క నవ్వు ఆపుకుంటూ. "నీకు దోస్తు అయితడు. ఆయన గూడ మోటర్లో, ఇమానాలో, ఏందో చేసిండట ఎనుకట."

అట్లా మొదటిసారి ఆయన దుకాణం మెట్లెక్కాను. సన్నగా, పొడుగ్గా, కంటికి చిన్న భూతద్దం తగిలించుకుని ఉన్నాడు. గడియారం అందుకుని రెండుసార్లు తట్టాడు.

"గిన్ని ముళ్లు ఎందుకు బేటా?"

"నేను పైలట్‌ను సాబ్" అన్నాను. అప్పటికి ఆ మాటలో సగం కూడా నిజం లేదు.

ఆయన భూతద్దం తీసి నా వైపు చూశాడు. ఏ విమానం, ఏ మీటర్లు అని అడిగాడు. నాకు తెలిసినవీ తెలియనివీ కలిపి చెప్పాను. మా విమానంలో ముల్లు ఎంత చురుకైనదంటే దోమ ఎగిరినా చూపిస్తుందన్నాను.

"గంత చురుకైన ముల్లు ఉంటే గీ దినాలల్ల తాండూర్ల ఏం చేస్తున్నవ్?"

ఆ ప్రశ్న అడిగిన తీరులో వెటకారం లేదు. అందుకే కాబోలు నోటికి అబద్ధం రాలేదు. మామిడితోట, ధోబీ ఘాట్ రెండూ చెప్పేశాను. కాలు ఈడ్చే మా ఇన్‌స్ట్రక్టర్ బిల్టీలు రాసుకోమన్నాడని కూడా చెప్పాను.

"ఏ కాలు?" అన్నాడు సాబ్.

"ఎడమ కాలు."

చాలాసేపు నా గడియారాన్ని తిప్పి తిప్పి చూశాడు. అందులో చూడటానికి నీళ్లు తప్ప ఏమీ లేవు. చివరికి, "ఐతారం పొద్దుగాల మీ బావ డిపో కాడికి రా" అన్నాడు. నాలో ఏదో ప్రతిభ కనిపెట్టి ఉంటాడనుకున్నాను. ఆ సంతోషంతో అక్క ఇంట్లో రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను.

ఆదివారం డిపోకు సెలవు. ఆవరణ అంతా తాండూరు బండలు తిన్నగా పరిచి ఉంటాయి. అక్కడ ఆయన నాలుగు చక్రాల తోపుడుబండి మీద ఒక కుర్చీ కట్టి పెట్టాడు. ముందు చక్రాలు తిప్పడానికి సైకిల్ హ్యాండిల్. బండి కింద ఒక ఇనుపపుల్ల దిగి, నేల మీది రెండు బండల నడుమ సందులో నడుస్తుంది. బండి ఆ సందుకు పక్కగా జరిగితే పుల్ల వంగి, దారంతో కట్టిన ముల్లును లాగుతుంది. ముల్లు కుర్చీ ముందు రేకు మీద ఉంటుంది. దారం కట్టడానికి మూడు బెజ్జాలు. మొదటి బెజ్జంలో కడితే బండి జానెడు జరిగినా ముల్లు కొద్దిగానే కదులుతుంది. మూడోదాంట్లో కడితే బండి వేలెడు జరిగినా ముల్లు రేకు అంచుకు పోయి కొట్టుకుంటుంది. వెనక సున్నపునీళ్ల డబ్బా, అడుగున చిల్లు. బండి ఎటు పోయిందో ఆ దారి నేల మీద తెల్లగా పడుతుంది.

"ఏ బెజ్జం కావాలె?" అన్నాడు.

"మూడోది" అన్నాను. పైలట్‌ను కదా.

తల మీద దుప్పటి కప్పారు. ముల్లు ఒక్కటే కనిపిస్తుంది. డిపో కావలి మల్లయ్య వెనక నుంచి తోశాడు. ముల్లు కుడికి, నేను ఎడమకు, ముల్లు ఎడమకు, నేను కుడికి. చెమటలు పట్టాయి. బండి దేనికో గుద్దుకుని ఆగింది. దుప్పటి తీసి చూస్తే ఎదురుగా గోడ. వెనక నేల మీద పాము పాకినట్టు సున్నపుగీత.

సాబ్ భార్య, మేము చాచీ అని పిలిచే ఆమె, గోడ నీడలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. "నేను జర కూసుంటా" అని వచ్చింది. సాబ్ దారం రెండో బెజ్జంలోకి మార్చాడు. ఆమె దుప్పటి కప్పుకుని, చిక్కుడుకాయల పళ్లెం ఒళ్లోనే పెట్టుకుని, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుంది. గీత దాదాపు తిన్నగా ఆ కొస దాకా పోయింది. చాచీ విమానాన్ని దగ్గరగా ఎన్నడూ చూడలేదు.

"రెండో బెజ్జం సులువు, అందుకే" అన్నాను.

"సులువే" అన్నాడు సాబ్. "ముల్లు మొద్దుగుంటే నువ్వు పక్కకు పోయింది ఎరుకయ్యేసరికే దూరం పోతవ్. మరీ తేజ్ ఉంటే చీమంత తప్పును ఏనుగంత చూపిస్తది. నువ్వు ఏనుగంత దిద్దుతవ్. నడుమ బెజ్జం అందరి చేతికి పనికొస్తది. కాని ఇమానంల బెజ్జం నువ్వు మార్చరాదు. నీ చెయ్యి మార్చుకోవాలె. ముల్లు చెప్పినంత దిద్దకు. సగం దిద్దు. ఒక్క శ్వాస ఆగు. మళ్ల చూడు."

అయిదు ఆదివారాలు తోపుడుబండి మీద కూర్చున్నాను. పైలట్‌ను చూడటానికి బండల కూలీలు చాయ్ తెచ్చుకుని మరీ వచ్చి కూర్చునేవారు. అయిదో వారం మూడో బెజ్జంతోనే గీత నిలబడింది. ఆ సంబరంలో నేను తెలివితక్కువ ప్రశ్న ఒకటి అడిగాను.

"సాబ్, అసలు మీటర్ లోపల ఇట్లాంటి బెజ్జమే ఏదో ఉంటుంది కదా? అది చెప్పండి. పరీక్ష ముందు రోజు నేనే మెల్లగా తిప్పుకుంటా."

ఆయన మొహం నల్లబడింది. మల్లయ్యను పంపేశాడు. బండి అంచున కూర్చున్నాడు.

"స్ప్రింగుకు ఒక మర ఉంటది" అన్నాడు. "ఎంత తిప్పాలెనో కాయితంల రాసి ఉంటది. నా తాన్కి ఒక పైలట్ వచ్చిండు, నీ వయసోడే. ముల్లు మొద్దుగున్నది సాబ్, జర జాన్ పొయ్యి అన్నడు. కాయితంల ఉన్నదానికన్న సగం చుట్టు ఎక్కువ తిప్పిన. నా అసుంటి కారీగర్ ఇంకోడు లేడని నాకు గుమాన్, పొగరు. రెండు దినాలకు వాన. మబ్బుల దిగబట్టిండు. గాలికి ముల్లు ఎగరబట్టింది, ఆయన దాని ఎంట ఉరకబట్టిండు. రన్‌వే ఇంకా దూరముండంగనే రెక్క నేలకు తాకింది. కాలు నుజ్జయింది, మళ్ల సక్కగ కాలే."

నేను రేకు మీది ముల్లునే చూస్తున్నాను.

"మీటర్ నా బల్ల మీదికే తెచ్చిండ్రు, జాంచ్ చేయనీకి. పెద్దసాబ్ వచ్చే లోపల ఆ సగం చుట్టు ఎనుకకు తిప్పిన. సరిగ్గున్నదా అని అడిగిండ్రు. ఉన్నదన్న. పైలట్‌దే తప్పని రాసిండ్రు." ఆయన బండ మీద గోరుతో తట్టాడు. "నౌకరీ ఇడిసి వచ్చిన. నిజాం రాజ్యం పోయి పోలీస్ యాక్షన్ అయిన ఏడు. దాంతోనే నౌకరీ పోయిందని ఊరంత అనుకుంటది. నేను అనుకోనిచ్చిన."

"ఆ పైలట్..."

"నీకు నేర్పుతున్నాయనే."

నాలో ప్రతిభ చూసి నేర్పాడనుకున్నానని పైన రాశాను. ఆ మాట కొట్టేయడం లేదు, ఉండనివ్వండి.

మర్నాడు బయలుదేరుతుంటే అతికించిన కవరు ఒకటి నా చేతిలో పెట్టాడు. పైన ఉర్దూలో ఇన్‌స్ట్రక్టర్ పేరు. "పదేండ్ల సంది రాస్తున్న, చింపుతున్న. నీ చేతికి ఇస్తే చింపనీకి రాదు. పరీక్ష అయినంక ఇయ్యి. ముందుగాల ఇస్తే నీ మీద పడుతది."

మూడోసారి తెర తీసేసరికి ఎదురుగా రన్‌వే ఉంది. నడుమన కాదు, కాస్త ఎడమగా. అయినా రన్‌వేనే. సగం దిద్దాను, ఒక్క శ్వాస ఆగాను, మళ్లీ చూశాను. కిందికి దిగాక ఇన్‌స్ట్రక్టర్ నా భుజం మీద చెయ్యి వేశాడు. అంతవరకు ఆయన అట్లా ఎవరి భుజం మీదా వేయగా చూడలేదు.

"ఎవరు నేర్పారు నీకు?"

జేబులో ఉత్తరం ఉంది. ఒక్క మాట చెప్పి దాన్ని తీసి ఇస్తే సరిపోయేది. "నేనే ఆలోచించి పట్టుకున్నాను సార్" అన్నాను.

ఆ సాయంత్రం నలుగురు కుర్రాళ్లను కూర్చోబెట్టి నా పద్ధతిని వాళ్లకు వివరించమన్నాడు. వివరించాను. శ్వాస గురించి మరీ బాగా చెప్పాను. ఇక ఉత్తరం ఎట్లా ఇస్తాను? ఇస్తే నా పద్ధతి ఎవరిదో బయటపడుతుంది. రేపిద్దామనుకుని, విమానం నడిపిన లెక్కలు రాసుకునే లాగ్‌బుక్కులో పెట్టాను.

తాండూరు వెళితే సాబ్ అడిగాడు. "ఇచ్చినవా?"

"ఇచ్చిన సాబ్."

"ఏమన్నడు?"

"ఏమనలే."

తల ఊపాడు. ఇంకోసారి అడగలేదు. చాచీ అన్నం పెట్టింది, తిన్నాను. తర్వాత వెళ్లినప్పుడూ పెట్టింది, తిన్నాను. ఏడు నెలలు ఇట్లాగే గడిచాయి. నా ఆకలి ఏమీ తగ్గలేదు.

ఒకరోజు దుకాణం మూసి ఉంటే ఇంటికి పోయాను. చాచీ గుమ్మంలో నిలబడి, "స్టేషన్ల ఉన్నడు" అంది. "పట్నం బండి టైముకు రోజు పోతడు. గా కాలు ఈడ్చెటాయన ఏమనలేదని నువ్వు చెప్పినకాడికెల్లి గిదే పని. కోపంతోనన్న వస్తడు, తిట్టనీకన్న వస్తడు అంటడు. నాకైతే పరేషాన్ ఉన్నది బేటా."

స్టేషన్‌కు పోయాను. చివరి బెంచీ మీద ఉతికిన షేర్వాణీ వేసుకుని కూర్చున్నాడు. బండి వచ్చింది. దిగేవాళ్ల మొహాలు కాదు, కాళ్లు చూస్తున్నాడు. బండి వెళ్లిపోయాక లేచి, బట్టలు దులుపుకుని, ఇంటిదారి పట్టాడు. నేను స్తంభం వెనక నిలబడి ఉన్నాను. పిలవలేదు.

మర్నాడు పొద్దున క్లబ్బులో ఉత్తరం ఇన్‌స్ట్రక్టర్ బల్ల మీద పెట్టాను. ఆయన నిలబడి చదివాడు. తర్వాత కూర్చుని మళ్లీ చదివాడు.

"ఎప్పుడిచ్చాడు ఇది?"

చెప్పాను. పద్ధతి ఎవరిదో కూడా చెప్పాను. తిడతాడని ఎదురుచూశాను. "తాండూరు బండి ఎన్నింటికి?" అని మాత్రం అడిగాడు.

మేము దిగేసరికి సాబ్ బెంచీ మీదే ఉన్నాడు. ముందు కాలు చూశాడు. తర్వాత లేచి నిలబడి సలాం చేశాడు. ఇన్‌స్ట్రక్టర్ బెంచీ మీద కూర్చుని, పక్కన చోటు చూపించాడు. వాళ్లిద్దరూ ఉర్దూలోనే మాట్లాడుకున్నారు.

"ముల్లుకు జాన్ పొయ్యమని అడిగింది నేను. అవునా?"

"తిప్పింది నేను సాబ్. ఎనుకకు తిప్పింది గూడ నేనే. అబద్ధమాడింది నేను."

"ఎంక్వయిరీలో నన్నూ అడిగారు, మీటర్‌లో ఏదైనా మార్చమన్నావా అని. లేదన్నాను. అవునంటే నా లైసెన్సు పోయేది. నీకు ఉద్యోగం పోయిందని విన్నప్పుడు, నా మాట బయటపెట్టకుండా నా కోసమే దాన్ని పోగొట్టుకున్నావనుకున్నాను. నువ్వు ఈ ఊళ్లో ఉన్నావని నాకు తెలుసు. ఈ లైను మీద ఎన్నిసార్లు పోయానో. దిగడానికి మొహం చెల్లలేదు."

సాబ్ మెల్లగా ఆయన ఎడమ మోకాలి మీద చెయ్యి పెట్టాడు. ఎప్పుడూ తట్టే వేలు, ఆ వేళ తట్టలేదు. అట్లాగే పెట్టి ఉంచాడు.

అప్పుడు నేను, ఉత్తరం ఆ పొద్దుటిదాకా నా దగ్గరే ఉందని చెప్పాను. ఏడు నెలల కింద ఏమనలే అన్న జవాబు నేనే కల్పించానని చెప్పాను. సాబ్ నవ్వాడు. "నేను పదేండ్లు మోసిన. ఈయన పదేండ్లు మోసిండు. నువ్వు ఏడు నెలలకే దించినవ్. మా ఇద్దరికన్న నయం" అన్నాడు. ఇంట్లో చాచీ మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. "ఏడు నెలలు నా చేతి బువ్వ తినుకుంట, అబద్ధం చెప్పుకుంట!" అని పెద్దలిద్దరికీ వడ్డించి, నన్ను చాలాసేపు ఖాళీ పళ్లెం ముందు కూర్చోబెట్టింది.

తిరుగుబండిలో ఇన్‌స్ట్రక్టర్ కిటికీలోంచి కందిచేలు చూస్తూ అన్నాడు. "ఎవరు నేర్పారో దాచావు. అది పిల్లచేష్ట. ఇవ్వని ఉత్తరం ఇచ్చానన్నావు. అట్లాంటివాడు మూడువందల అడుగుల ఎత్తులో ఉండి అయిదువందలని చెబుతాడు. మూడు నెలలు నువ్వు విమానం ముట్టుకోవద్దు. వికారాబాద్‌లో దిగిపో."

దిగాను. ఆ వేళ చివరి పెట్టె కాదు, మా గేటు ఎదురుగానే ఆగిన పెట్టె. నాయిన బిల్టీల కట్ట పట్టుకుని ఎదురొచ్చాడు.

"మళ్ల ఎప్పుడు పోతవ్‌రా?"

"మూడు నెలలకు."

"ఏమైంది?"

కళ్లద్దాలు తీసి, గూడ్సు షెడ్డు గోడకు ఆనుకుని, ధోబీ ఘాట్ నుంచి చాచీ ఖాళీ పళ్లెం దాకా ఒక్కటి వదలకుండా చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు. అంతా విన్నాక ఒకే మాట అడిగాడు.

"గా ముసలాయన పేరేంది?"

నోరు తెరిచాను. ఊరంతా ముల్లు సాబ్ అంటే నేనూ అదే అన్నాను. ఆయన వంటింట్లో కూర్చుని తిన్నాను, ఆయన విద్యను నాదని చెప్పుకున్నాను, ఆయన ఉత్తరం ఏడు నెలలు నా దగ్గర దాచుకున్నాను. పేరు అడగలేదు.

"ఎరుక లేదు నాయినా."

నాయిన బిల్టీలు చంకలో పెట్టుకున్నాడు.

"పొద్దుగాల బండికి మళ్ల తాండూరు పో" అన్నాడు. "అడిగి రా."